వెనక చక్రాలా, నాలుగు చక్రాలా

ఆమధ్య మా ఇంట్లో అన్నం దగ్గర, కాఫీ దగ్గర, చివరికి దేవుడి గూట్లో దీపం వెలిగించే దగ్గర కూడా ఒకటే చర్చ. ఇంజను బలం ఏ చక్రాలకు పోవాలి? వెనక రెండింటికా, నాలుగింటికా? మా అమ్మాయిని ఏ కాలేజీలో చేర్చాలి, మా అత్తకు మోకాలి ఆపరేషను చేయించాలా వద్దా అన్నవి మా ఇంట్లో ఒక్క పూటలో తేలిపోయిన విషయాలు. ఇది మాత్రం నెలల తరబడి సాగింది.

ధర్మవరంలో మాకు పట్టుచీరల అంగడి ఉంది. మాకు అంటే మా ఆయనకు. నేను పెనుకొండలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజూ పోయి రావడానికి నాకొక చిన్న కారు ఉండేది. కొన్నప్పుడు అది తెల్లనిది. తర్వాత మా దారిలో తిరిగే క్వారీ టిప్పర్ల పుణ్యాన దాని రంగేమిటో చెప్పడం కష్టమైపోయింది. ఏసీ చలికాలంలో బ్రహ్మాండంగా పనిచేసేది. ఎడమవైపు వెనక తలుపు లోపలినుంచి తీస్తేనే తెరుచుకునేది. అయినా అది నాది. అంతకుముందు ఎన్నో ఏళ్లు బస్సుల్లో ఒక చేత్తో పైన కమ్మీ, ఒక చేత్తో జవాబు పత్రాల కట్ట పట్టుకుని పోయినదాన్ని. ఇంట్లో ఉంటే ఉప్పెక్కడుందని అడుగుతారు, బళ్లో ఉంటే మార్కులెందుకు తగ్గాయని అడుగుతారు. ఆ కారులో, ధర్మవరానికీ పెనుకొండకూ మధ్య, నన్ను ఎవరూ ఏమీ అడగరు. నాకు రోజులో దొరికే ఏకాంతమంతా ఆ స్టీరింగు వెనకే ఉండేది.

మా ఆయనకు కారు పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలి. మా బజారులో చీరల వాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు ఎత్తుగా, లారీకి తమ్ముళ్లలా ఉండే పెద్ద కార్లు కొన్నారు. ఈయన కూడా అదే కొంటే ఈయన వంతు రావడం ఆలస్యమైందని అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఎవరి దగ్గరా లేనిది కొనాలి. జర్మనీ కంపెనీది, నేలకు ఆనుకుని ఉండేది, గుడ్లురిమి చూసే దీపాలున్నది, స్పోర్ట్స్ సెడాన్. ఈ స్పోర్ట్స్ అనే మాట మా ఆయన జీవితంలోకి రావడం అదే మొదలు. ఆయన కారు నడిపితే పక్కన సైకిలు మీద పోయేవాళ్లు పలకరించి, క్షేమసమాచారాలు అడిగి, ముందుకు వెళ్లిపోతారు. పెళ్లికూతురి చీరల పళ్లెం నెత్తిన పెట్టుకుని నడుస్తున్నంత జాగ్రత్త ఆయనది. నేను అది తప్పనడం లేదు. అలాంటి మనిషికి కన్ను మూసి తెరిచేలోగా వంద దాటే కారు ఎందుకని మాత్రమే అంటున్నాను.

"పాత బండి ఎక్స్ఛేంజిలో ఇచ్చేద్దామే" అన్నాడు ఒకరోజు, ముద్దలో నెయ్యి కలుపుకుంటూ.

"మరి నేను బడికి ఎట్ల పోవాల?"

"కొత్తది ఉంటాది కదే ఇంట్లో."

ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, నేనూ అంతే తేలిగ్గా నమ్మేశాను.

ఇక రంగంలోకి మా తమ్ముడు దిగాడు. హిందూపురంలో వాడికి బోరు మోటార్ల అంగడి. వాడి అంగట్లో ఉన్న ఏ వస్తువుకూ చక్రాలు లేవు. కానీ వాడి చేతిలో ఫోను ఉంది, ఫోనులో వీడియోలున్నాయి, వీడియోల్లో ఎవరెవరో విదేశీయులు కొండదారుల్లో టైర్లు పొగలు కక్కేలా కార్లు తిప్పుతుంటారు. అవి చూసి చూసి మా తమ్ముడు ఈ రెండు జిల్లాల్లో కార్ల మీద ఆఖరి మాట చెప్పే మనిషైపోయాడు. ప్రతి ఆదివారం ధర్మవరం వచ్చి సోఫాలో వెనక్కి వాలి మా ఆయనకు పాఠం చెప్పేవాడు.

"బావా, స్పోర్ట్స్ కారంటే వెనక చక్రాలు తోయాల. ముందు చక్రాల పని తిరిగేది, వెనక చక్రాల పని తోసేది. ఒకరి పని ఇంగొకరు చేస్తే యాడన్నా సంసారం జరుగుతాదా?"

వాడీ మాట అంటున్నప్పుడు హిందూపురంలో వాడి అంగట్లో కేబులు కొలిచి కత్తిరిస్తున్నది వాడి భార్య. ఆదివారమే కాదు, మిగతా రోజుల్లో కూడా.

"మరి నాలుగు చక్రాలూ తోసేది, ఆల్ వీల్ డ్రైవ్ అంటారు కదప్పా?" అని మా ఆయన అడిగేవాడు.

"అది మంచు పడే దేశాలకు బావా. మనకు మంచు యాడుండాది? మడకశిరలో పడ్తాదా, గాండ్లపెంటలో పడ్తాదా?"

ఇందులో నిజముంది. మాకు మంచు సంగతి అటుంచి వానే పడదు. ఆకాశంలో మబ్బు కనిపిస్తే జనం బయటికొచ్చి ఫొటోలు తీసుకునే ప్రాంతం మాది. నేను కూడా మొదట్లో ఏ చక్రాలైతే నాకేమని ఊరుకున్నాను. తిరిగితే చాలు అనుకున్నాను. కానీ ఒక ఆదివారం మా తమ్ముడు బజ్జీ నములుతూ తీర్పు చెప్పాడు.

"ఒకటి మాత్రం చెప్తాండా బావా. వెనక చక్రాల బండి ఆడోళ్ల చేతికి ఇచ్చేది కాదు. కొంచెం గట్టిగా తొక్కితే తోక తిప్పుతాది. ఆల్ వీలయితే పర్వాలేదు. ఎవరన్నా తోలొచ్చు. అక్క కూడా తోలొచ్చు."

అక్క కూడా. వాడికి సైకిలు నేర్పింది నేను. వాడు స్కూటరు లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకెలా తిప్పలేక కాలు కింద పెట్టిన నాడు నేను పక్కనే ఉన్నాను. ఇవన్నీ గుర్తుచేద్దామనుకునే లోపే మా ఆయన తల ఊపేశాడు.

"అయితే రియరయితే నేనొక్కడే. ఆల్ వీలయితే ఇద్దరం. అంతే కదా?"

"అంతే బావా" అన్నాడు వాడు.

బజ్జీల పళ్లెం పట్టుకుని నేనక్కడే నిలబడి ఉన్నాను. నా కారు ఎలాగూ పోతుంది. వచ్చే కారుకు ఏ చక్రాలుంటాయన్న దాని మీద నేను రేపు స్టీరింగు ముందు కూర్చుంటానా, బస్సులో కమ్మీ పట్టుకుంటానా అన్నది ఆధారపడి ఉంది. ఆ క్షణం నుంచి ఉమ్మడి అనంతపురం జిల్లాలో నాలుగు చక్రాలకూ బలం అందాలని కోరుకునే మనుషుల్లో నన్ను మించినవాళ్లు లేరు.

నేను చదవడం మొదలుపెట్టాను. లెక్కల టీచరును కాబట్టి బొమ్మలు గీసి, బాణాలు పెట్టి, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతుందో భోజనాల దగ్గర వివరించాను. మా ఆయన ఆవలించాడు. లెక్కతో పని కాదని తెలిసి భయంతో ప్రయత్నించాను. "టిప్పర్ల నుంచి రోడ్డు మీద ఇసుక రాలుతుంది కదా, దానిమీద వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరిగి, మనమొచ్చిన దారి మనకే చూపిస్తుందట" అన్నాను. ఆయన పెరుగన్నం సగంలో ఆపేశాడు. మందు పనిచేసిందనుకున్నాను.

కానీ మా ఆయన మనసు అంగట్లోకి వచ్చిన వాళ్లందరిదీ. చీరలు చూపిస్తూ పెళ్లివాళ్లను కూడా ఈ ప్రశ్న అడిగేవాడు. ముదిగుబ్బ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "ట్రాక్టరుకు వెనక చక్రాలే కదప్పా బలము. మడక దున్నేది అవే కదా" అన్నాడట. ఆ రాత్రి ఇంట్లో రియర్ వీల్ డ్రైవ్. నల్లమాడ నుంచి వచ్చినాయన తన ట్రాక్టరు బురదలో దిగబడితే నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టరును పిలిపించి బయటికి లాగించానని చెప్పాడట. ఆ రాత్రి ఇంట్లో ఆల్ వీల్ డ్రైవ్. పెళ్లికూతుళ్లు పాపం ఎర్ర చీరా పచ్చ చీరా తేల్చుకోలేక చూస్తుంటే, అంగడి యజమాని దుక్కి సంగతులు మాట్లాడేవాడు. చీరలు కొనడానికి వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకుని, వేరే అంగడికి పోకుండా ఎలా ఉన్నారో నాకు తెలియదు. కొందరు పోయే ఉంటారు.

చివరికి ఒక సెలవు రోజు బెంగళూరు షోరూముకు వెళ్లాం. నా చిన్నకారును నేనే నడుపుకుంటూ వెళ్లాను, ఎక్స్ఛేంజికి చూపించాలి కదా. మా ఆయన పక్కన, మా తమ్ముడు వెనక. హైవే మీద ఇద్దరూ కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోయారు. నేను నడుపుతుంటే వాళ్లకు ఏ భయమూ లేదు. ఇది ఆ రోజు నాకు తట్టలేదు, తర్వాత తట్టింది.

షోరూములో సేల్స్ కుర్రాడు కోటు వేసుకుని, మొన్ననే కలిసిన బంధువులా నవ్వుతూ వచ్చాడు. సార్ అంటే మా ఆయన. మేడం అంటే కాఫీ తాగే మనిషి.

"సార్ డ్రైవింగ్ కొంచెం స్పిరిటెడ్‌గా, స్పీడుగా ఉంటుందా?" అని అడిగాడు.

మా ఆయన నావైపు చూశాడు. నేను కాఫీ కప్పులోకి చూశాను. ఇన్నేళ్ల కాపురంలో నేను చేసిన ఉపకారాల్లో ఆ మౌనం ఒకటి.

మొదట వెనక చక్రాల కారు నడిపి చూశాడు. బెంగళూరు ట్రాఫిక్కులో ఒక సందు చివరికి పోయి, అక్కడ ఆటోల మధ్య చాలాసేపు నిలబడి, వెనక్కి వచ్చాడు. "ఎట్లుండాది బావా?" అని మా తమ్ముడు ఆత్రంగా అడిగితే, "వెనకనుంచి ఎవరో తోస్తాండట్ల ఉండాదప్పా" అన్నాడు గంభీరంగా. నేను వెనక సీట్లోనే ఉన్నాను. తోసింది చక్రాలు కాదు, వెనక హారన్ కొడుతున్న నీళ్ల ట్యాంకరు. తర్వాత నాలుగు చక్రాల కారులో అదే సందుకు పోయి, అవే ఆటోల మధ్య నిలబడి వచ్చాడు. "ఇది నేలను పట్టుకున్నట్ల ఉండాది" అన్నాడు. బండి కదిలింది తక్కువ. నేలను పట్టుకున్న మాట నిజం.

"ఒకసారి నేను చూస్తా" అన్నాను. సేల్స్ కుర్రాడు మా ఆయన ముఖం చూశాడు. మా ఆయన గోడ గడియారం చూశాడు. "ఇంగోసారి వచ్చినప్పుడు చూద్దాంలే, పొద్దుపోతాంది" అన్నాడు. ఇంకోసారి మేం అక్కడికి ఎందుకు వస్తామో ఎవరూ చెప్పలేదు.

చివరికి చిక్కు విప్పింది ఆ కుర్రాడే. "సార్, ఈ మోడల్లో ఆల్ వీల్ తీసుకున్నా మామూలుగా బలం వెనక చక్రాలకే ఎక్కువ పోతుంది. జారినప్పుడు మాత్రమే ముందుకు పంపుతుంది" అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. బజారులో రియర్ అని చెప్పుకోవచ్చు, ఇంట్లో ఆల్ వీల్ అని చెప్పుకోవచ్చు. అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. నేను గెలిచాననుకున్నాను. చెప్పడానికి సిగ్గేముంది, ఆ పూట నాకు పట్టరాని సంతోషం వేసింది.

ఆ సంతోషం నా కారు తాళం అడిగేదాకా ఉంది. దానిలోంచి దువ్వెన, గొడుగు, సుద్దముక్కల డబ్బా, ఎప్పటిదో ఒక పిల్లవాడి టిఫిను గిన్నె మూత తీసుకుని సంచిలో వేసుకున్నాను. ఎవరో మనిషి వచ్చి దాన్ని స్టార్ట్ చేసి, గేరు కిర్రుమనిపించి, భవనం వెనక్కి తీసుకుపోయాడు. మూడో గేరును కొంచెం బుజ్జగించి వేయాలని చెప్పేలోపే మలుపు తిరిగిపోయింది. షోరూము బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. బయటికొచ్చాక మా తమ్ముడు, "ఏమక్కా, ఏసీ పడలేదా?" అన్నాడు.

ముగ్గురం రైల్లో తిరిగొచ్చాం. రెండు రోజులకే కొత్త కారు వచ్చింది. నీలం రంగు. పూజ చేయించాం. ఆల్ వీల్ కాబట్టి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాలని, వెనక చక్రాల బండికైతే రెండు చాలని మా తమ్ముడు పూజారికి వివరించబోయాడు. ఆయన ఇన్నేళ్లుగా ఏ కారుకైనా నాలుగే పెడుతున్నాడు, మూడు చక్రాల ఆటోకు మూడు పెడుతున్నాడు. వాడి మాట చెవిన వేసుకోకుండా గంట వాయించాడు. మా ఆయన బావిలోకి దిగినట్టు ఒక్కో కాలూ పెట్టుకుంటూ సీట్లోకి దిగి, వీధి చివరిదాకా పోయి, తిప్పుకోవడానికి స్థలం చాలక రివర్సులోనే వెనక్కి వచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం పొద్దున నేను తాళం అడిగాను.

"ఇంగా కొత్తది కదే. కొన్నాళ్లు పోనీ" అన్నాడు.

కొన్నాళ్లు పోయాయి. "ఫస్ట్ సర్వీసు కానీ" అన్నాడు. సర్వీసు అయింది. "ఇప్పుడే కదా సర్వీసయింది, అప్పుడే మట్టిరోడ్డు మీదికా?" అన్నాడు. తర్వాత, బళ్లో పిల్లోళ్లు గీకుతారన్నాడు. ఆ తర్వాత, పెనుకొండ ఎండకు రంగు పోతుందన్నాడు. పెనుకొండ ఎండకూ ధర్మవరం ఎండకూ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒకరోజు ఒళ్లు మండి సూటిగానే అడిగాను.

"ఆల్ వీలయితే ఇద్దరం అన్నారు కదా?"

"తోలొద్దన్లేదు కదే. ఇప్పుడొద్దు అంటాండా, అంతే."

కాబట్టి నేను మళ్లీ బస్సు ఎక్కాను. కమ్మీలు అవే, జవాబు పత్రాలు అవే, నా మోకాళ్లు మాత్రం అవి కావు. ఇంట్లో గుడ్డ కప్పుకుని నాలుగు చక్రాలకూ బలమున్న కారు, బస్టాండులో ఒక కాలి మీద నిలబడి నేను. స్టాఫ్‌రూములో తోటి టీచరమ్మ, "కొత్త కారంట కదా మేడం?" అని అడిగేది. అవునని, ఆల్ వీల్ డ్రైవ్ అని చెప్పేదాన్ని. "మరి బస్సుకొస్తాండారే?" అనేది. నేను సుద్దముక్క తీసుకుని క్లాసుకు పోయేదాన్ని.

ఇలా ఉండగా ఒక ఆదివారం హిందూపురం ప్రయాణం పెట్టుకున్నాం. మా తమ్ముడు ముందురోజే బస్సులో వచ్చాడు. ఎందుకంటే, మర్నాడు వాళ్ల వీధిలో అందరూ చూస్తుండగా ఆ కారులోంచి దిగాలి. మా ఆయన స్టీరింగు దగ్గర, వాడు పక్కన, నేను వెనక. ఎక్కేముందు చెప్పులకున్న దుమ్ము దులుపుకోమన్నాడు మా ఆయన. దులిపాను. రెండోసారి దులపమన్నాడు. దులిపాను.

పెనుకొండ దాటి, సోమందేపల్లి దాటాక, హైవే మీద లారీలు ఎక్కువని మా ఆయన పల్లెల దారి పట్టాడు. అవి ఉలవ పంట ఇంటికొచ్చే రోజులు. మా పక్క రైతులు ఎండిన ఉలవ చెట్లను కళ్లంలో కొట్టే బదులు తారురోడ్డు మీద మందంగా పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. సాయంత్రం ఊడ్చి, చెరిగి, మూటకట్టుకుని పోతారు. రోజూ ఆ రోడ్ల మీద తిరిగేవాళ్లకు అది కొత్త కాదు. ఉలవ పరుపు మీద బండి ఆపకూడదు. లారీలు తొక్కి నలిపిన జాడలో మెల్లగా, ఒకే వేగంతో సాగిపోవాలి.

"ఆపొద్దండీ. లారీ జాడలో మెల్లగా పోతా ఉండండి" అన్నాను.

"అక్కా, నువ్వు గమ్మునుండు. దీనికేమి, ఆల్ వీలు" అన్నాడు మా తమ్ముడు.

మా ఆయన సరిగ్గా ఉలవల నడుమకు తీసుకుపోయి ఆపేశాడు. కింద ఏదో గీరుకుంటున్న శబ్దం వచ్చిందట. తర్వాత కదలమని తొక్కాడు. నేలకు ఆనుకుని ఉండే కారు కదా, పొట్ట వెళ్లి ఎండు చెట్ల మీద కూర్చుంది. నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ వెలిగి ఆరింది. వెనక చక్రాల బలం ముందుకు పోయింది, ముందు చక్రాల బలం వెనక్కి పోయింది, కారు ఎక్కడికీ పోలేదు. ఉలవ పొట్టు మాత్రం నాలుగు దిక్కులా లేచింది.

రోడ్డు పక్కనుంచి ఆ ఉలవల యజమానురాలు, ఒక ముసలమ్మ, చీపురు ఎత్తి పరుగున వచ్చింది. తిడుతుందనుకున్నాం.

"నిలపొద్దు, నిలపొద్దప్పా! ఇంగా తిప్పు. లారీ కన్నా బాగా రాలస్తాండావు!" అంది.

అన్ని నెలల చర్చలో ఆల్ వీల్ డ్రైవ్ ఎందుకు పనికొస్తుందో సూటిగా చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. నాకు నవ్వు ఆగలేదు. ఇంతలో కారు కిందనుంచి ఎండుగడ్డి మాడిన వాసన వచ్చింది. వేడి సైలెన్సరుకు చెట్లు తగులుతున్నాయి. నవ్వు పోయి, "ఆపేయండి, దిగండి" అని అరిచాను. ముగ్గురం దిగాం. వాళ్లిద్దరూ మోకాళ్ల మీద కూర్చుని, కింద ఇరుక్కున్న ఉలవ చెట్లను చేతులతో పీకారు. కాసేపటికి వాసన పోయింది. కారు కింద నేల కనిపించింది. ఇక ఎవరో ఒకరు తొందరపడకుండా వెనక్కి, లారీ జాడలోకి తీసుకుపోవాలి. మా ఆయన చేతులకు అంటిన పొట్టు దులుపుకుంటున్నాడు. మా తమ్ముడు కారుకు దూరంగా జరిగి ఫోను చూస్తున్నాడు.

"నేను తీస్తా" అన్నాను.

"నీకేం తెలుస్తాదే. కొత్త బండి" అన్నాడు మా ఆయన.

"రోజూ ఇట్లాంటి రోడ్ల మీదనే కదా నేను తోలింది. మెల్లగా తీస్తా, ఇయ్యండి."

ఆయన నా మాట విననట్టే చేనువైపు చూశాడు. అక్కడినుంచి లుంగీ ఎగ్గట్టుకుని, కాళ్లకు తడిమట్టితో ఒకాయన వస్తున్నాడు. చేనుకు నీళ్లు కట్టి వస్తున్నట్టున్నాడు.

"ఏమప్పా, నీకు బండి తోలేది వస్తాదా?" అని అడిగాడు మా ఆయన.

"ట్రాక్టరు తోల్తా సామీ."

"చాలులే. రా, రా."

ఆయన వచ్చాడు. మా ఆయన తన జేబులోంచి తాళం తీసి ఆ రైతు అరచేతిలో పెట్టాడు. పెట్టి, ఆ వేళ్లు తన చేత్తో మూశాడు. ఆ మట్టి కాళ్లతోనే ఆయన సీట్లో కూర్చున్నాడు. "తాళం యాడ దూర్చాల సామీ?" అని అడిగితే, మా ఆయన కిటికీ దగ్గర వంగి, ఎంతో ఓపిగ్గా, "దూర్చేది లేదప్పా, దగ్గరుంటే చాలు. బ్రేకు తొక్కి ఈ బటన్ నొక్కు. ఆ, అంతే. దీన్ని ఇట్ల లాగితే వెనక్కి పోతాది. నిదానం, ఏం కాదు" అని ఒక్కొక్కటీ నేర్పాడు. నాకు ఏనాడూ చెప్పని విషయాలన్నీ ఆ రోజు దూరంనుంచి విని నేర్చుకున్నాను.

కారు ఎగిరెగిరి వెనక్కి వచ్చింది. ఉలవలకు అడ్డంగా పెట్టిన రాయికి బంపరు కొట్టుకుని, ఒక పెద్ద గీత పడి, ఉలవలు లేని చోట ఆగింది. "అయ్యో, తగిలినట్టుండాది సామీ" అన్నాడాయన, దిగుతూ.

"పర్లేదులేప్పా. బంపరే కదా" అన్నాడు మా ఆయన, ఆయన భుజం తట్టి.

నాకు కోపమొచ్చింది. మాకు సాయం చేసిన ఆ మనిషి మీద కాదు. ఆయన పాపం కాళ్ల మట్టి సీటు కింద రాలిందని నొచ్చుకుంటూ చేనువైపు పోయాడు. కారు తలుపు తెరిచే ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది, తాళం సీటు పక్కనే ఉంది. మా ఆయనా మా తమ్ముడూ ముందుకు పోయి బంపరు మీద గీతను వేలితో రుద్దుతున్నారు. నేను వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాను. సీటు ముందుకు జరుపుకున్నాను. అద్దం సరిచేసుకున్నాను.

మా ఆయన తలెత్తి చూసి, గబగబా నా తలుపు దగ్గరికి వచ్చాడు.

"దిగే. ఏం చేస్తాండావు?"

"ఆయన పేరేమి?" అన్నాను.

"ఎవరిది?"

"ఇప్పుడు మీరు తాళమిచ్చిన మనిషిది."

"నాకేం తెలుసు. ఆ పక్క ఊరోడేమో. ఎందుకు?"

"నా పేరు తెలుసు కదా మీకు?"

మా తమ్ముడు బంపరు దగ్గరే వంగి ఉండిపోయాడు. గీత మీద వాడికి అంత శ్రద్ధ ఎప్పుడు పుట్టిందో మరి. మా ఆయన మెల్లగా కారు చుట్టూ తిరిగి, అవతలి తలుపు తీసి, నా పక్కన కూర్చున్నాడు. మా తమ్ముడు వెనక ఎక్కాడు.

లారీ జాడలో, ఆగకుండా, ఉలవలు దాటించాను. హిందూపురం దాకా నేనే నడిపాను. మర్నాటి నుంచి బడికి దాన్నే తీసుకుపోతున్నాను. ఆయన వద్దనలేదు, నేను అడగలేదు. అది నడుస్తున్నప్పుడు వెనక చక్రాలు తోస్తున్నాయో, నాలుగూ లాగుతున్నాయో, నిజం చెబుతున్నాను, నాకు ఒక్కరోజూ తెలియలేదు. అన్ని నెలలు బస్సులో నిలబెట్టినందుకు మా ఆయన మీద కోపం పోయింది. పేరు తెలియని మనిషి చేతిలో తాళం పెట్టి వేళ్లు మూశాడే, ఆ కోపం మాత్రం ఇంకా పోలేదు.